అది ఈ సభ విషయం కాదు

మన ఊళ్ళలో సభలకు కొదవ లేదు. ప్రశ్నలకే కొదవ. జయంతులు, వర్ధంతులు, పుస్తకావిష్కరణలు, అవగాహన సదస్సులు, సన్మానాలు ఏడాది పొడుగునా సాగుతూనే వుంటాయి. వేదిక మీద పది కుర్చీలు, కింద వంద కుర్చీలు. జ్యోతి ప్రజ్వలన, ప్రార్థన, స్వాగతవచనాలు, అధ్యక్షుల తొలి పలుకు, ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, గౌరవ అతిథి, ఆ తరువాత శాలువాలు. ఇదంతా అయ్యేసరికి పొద్దు గూకుతుంది. అప్పుడు అధ్యక్షులు లేచి సమయాభావం వల్ల ప్రశ్నలకు తావు లేదని విచారం వెలిబుచ్చుతారు. ఈ సమయాభావం శాలువాలకు ఎన్నడూ కలుగదు.

నేను నల్లగొండ జిల్లాలోని ఒక చిన్న పట్టణంలో డిగ్రీ కళాశాల తెలుగు ఉపన్యాసకుణ్ణి. తెలుగు ఉపన్యాసకుడంటే ఊళ్ళో జరిగే ప్రతి సభకూ వ్యాఖ్యాత అని ఎవరో ఎప్పుడో నిర్ణయించారు. కనుక పదేళ్ళుగా మైకు పక్కన నిలబడి సభలను చూస్తున్నాను. ముందు వరుసలో కూర్చున్నవారికి వేదిక కనిపిస్తుంది; మైకు పక్కన నిలబడ్డవాడికి సభ కనిపిస్తుంది. ఎవరి పెదవులు కదిలి ఆగిపోయాయో, ఎవరు సగం లేచి మళ్ళీ కూర్చున్నారో అక్కడి నుంచి స్పష్టంగా తెలుస్తుంది. ఈ వ్యాసానికి ఆధారం ఆ చూపే.

సమాజం, రాజ్యం, ఆరోగ్యం, విద్య, సమానత్వం వంటి పెద్ద విషయాలను ప్రజలంతా కూర్చుని మాట్లాడుకోవాలని అందరూ అంటారు. అందులో అభిప్రాయభేదం లేదు. భేదమంతా మరొకచోట వుంది. సభలో ఏది విషయమో, ఏది కాదో నిర్ణయించేది ఎవరు? చర్చకు అసలైన తాళంచెవి ఈ నిర్ణయాధికారమే. అది ఎవరి చేతిలో వుంటే చర్చ వారిది. మిగిలినవారు శ్రోతలు.

కొన్నేళ్ళ కింద మా పట్టణానికి దగ్గరి గ్రామంలో ఒక సేవాసంస్థ ఆరోగ్య సదస్సు పెట్టింది. వచ్చిన డాక్టరు గారు మంచివారు, ఓపిక గలవారు. నీళ్ళు కాచి చల్లార్చి తాగమన్నారు, ఆకుకూరలు తినమన్నారు, ఎండలో తిరగవద్దన్నారు. ఆయన చెప్పినదాంట్లో ఒక్క తప్పు మాట లేదు. ఆయన కూర్చోబోతుండగా వెనుక వరుసలోంచి ఒక నడివయసు స్త్రీ లేచి అడిగింది:

"సారూ, నీళ్ళు కాగబెట్టుకొని తాగుమంటున్నరు, మంచిదే. మేం పొద్దుగాల ఆరు గొట్టంగనే కైకిలికి పోతం. చేన్ల ఏ నీళ్ళుంటె అవ్వే తాగుతం. ఆడికి మంచినీళ్ళు తెప్పియ్యాలంటె ఎవలను అడగాలె?"

డాక్టరు గారు ఆలోచనలో పడ్డారు. జవాబు చెప్పాలనే ఆయన మైకు వైపు చెయ్యి చాచారు కూడా. ఈలోగా అధ్యక్షస్థానంలో వున్న పెద్దమనిషి చిరునవ్వుతో, "అమ్మా, అది ఈ సభ విషయం కాదు" అన్నారు. సభ ముగిసింది. భోజనాలకు లేచారు.

ఆయన కరకుగా అనలేదు. అందుకే ఆ మాట నా మనసులో నిలిచిపోయింది. ఆరోగ్యం గురించి ఆనాడు వేసిన ఒకే ఒక నిజమైన ప్రశ్న ఆమెది. ఏం తాగాలో చెప్పడం సలహా. పని చేసేచోట మంచినీళ్ళు ఎవరు సమకూర్చాలో అడగడం వ్యవస్థను గురించిన ప్రశ్న. సలహా వినేవారి మీద బాధ్యత వేస్తుంది; ఆమె ప్రశ్న ఆ బాధ్యతను పని చేయించుకునేవారి ముందుకు తెచ్చింది. ఆ క్షణంలో సభ భయపడింది. భయపడిన సభ మర్యాదను అడ్డం పెట్టుకున్నది.

ఇది ఒక్క ఊరి సంగతి కాదు, ఒక్క కాలపు సంగతీ కాదు. మన ఆధునిక చరిత్రలో పెద్ద చర్చలన్నిటినీ ఈ కోణం నుంచి చూస్తే ఒక క్రమం కనిపిస్తుంది. ఎవరో ఒకరు "అది ఈ సభ విషయం కాదు" అన్నచోటనే కొత్త సభ పుట్టింది.

భాషావివాదాన్ని తీసుకుందాం. ఇరవయ్యో శతాబ్దం మొదటి పాతికేళ్ళలో తెలుగు చదువుకున్నవారిని రెండు శిబిరాలుగా చీల్చిన వాదమది. బడిలో పిల్లవాడు తాను మాట్లాడే భాషకు దగ్గరి భాషలో రాయవచ్చునా, కూడదా అన్నది ప్రశ్న. గిడుగు రామమూర్తి పంతులు గారు, గురజాడ అప్పారావు గారు ఒకవైపు. జయంతి రామయ్య పంతులు గారు, ఆంధ్ర సాహిత్య పరిషత్తు మరొకవైపు. 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి గురజాడ తన అసమ్మతి పత్రాన్ని సమర్పించారు. 1919లో గిడుగు 'తెలుగు' అనే పత్రిక పెట్టారు. 1925లో తణుకులో పరిషత్తు సభకే వెళ్ళి, పూర్వకవుల ప్రయోగాలు ముందుపెట్టి గంటల తరబడి వాదించారు. ఎదుటివారి సభకు వెళ్ళి, వారు ప్రమాణమని నమ్మే గ్రంథాల నుంచే తన వాదానికి బలం చూపించడం చిన్న విషయం కాదు. మన టెలివిజన్ చర్చల్లో ఎదుటివాడి పుస్తకం చదివి వచ్చినవాడు నాకింతవరకు కనిపించలేదు.

అయితే ఆ మహావాదానికీ ఒక పరిమితి వుంది. వాదమంతా ప్రజల నోటి భాష గురించి. వాదించినవారు మాత్రం దాదాపు అందరూ ఇంగ్లీషు, సంస్కృతం నేర్చిన పురుషులు. ఎవరి మాటను రాతలోకి తేవాలా వద్దా అని తర్జనభర్జన పడ్డారో ఆ రైతులు, కూలీలు, స్త్రీలు ఆ సభల్లో లేరు. గిడుగు ఉత్తరాంధ్ర కొండల్లో సవరల భాష నేర్చుకుని, వారి పిల్లల కోసం సవర భాషలో వాచకాలు రాశారు. అందుకే ఆయన వాదానికి గదిలో లేనివారి ఊపిరి తగిలింది. చాలామందికి ఆ అవకాశమూ లేదు, అక్కరా లేదు.

ఆ కాలంలోనే హైదరాబాదులో జరిగిన మరొక సంఘటన ఈ విషయాన్ని ఇంకా తేటతెల్లం చేస్తుంది. 1921 నవంబరులో వివేకవర్ధని థియేటరులో నిజాం రాష్ట్ర సంఘ సంస్కార మహాసభ జరిగింది. అధ్యక్షులు మహర్షి కార్వే. వితంతువుల కోసం, స్త్రీవిద్య కోసం జీవితం ధారపోసిన మనిషి. సభలో మరాఠీ, ఉర్దూ, ఇంగ్లీషు సాగాయి. న్యాయవాది ఆలంపల్లి వెంకటరామారావు గారు లేచి తెలుగులో మాట్లాడబోతే సభలో కొందరు గేలి చేసి, అల్లరి చేసి ఆయనను కూర్చోబెట్టారు. ఆ రాజ్యంలో అత్యధిక సంఖ్యాకుల మాతృభాష తెలుగు. సంఘాన్ని సంస్కరించడానికి కూడిన సభ ఆ సంఘం మాట్లాడే భాషను వినలేకపోయింది.

అవమానాన్ని దిగమింగి ఇంటికి పోయివుంటే కథ అక్కడితో ముగిసేది. ఆ రాత్రే కొందరు తెలుగువారు కూడి ఆంధ్ర జనసంఘం పెట్టుకున్నారు. మాడపాటి హనుమంతరావు గారు, బూర్గుల రామకృష్ణారావు గారు అందులో వున్నారు. గ్రంథాలయాలు, పఠనాలయాలు, పాఠశాలలు దాని తొలి పనులు. ఆ విత్తనమే తొమ్మిదేళ్ళకు ఆంధ్ర మహాసభ అయింది. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి గారి అధ్యక్షతన మొదటి మహాసభ జరిగింది.

సభలు పెరుగుతుంటే ప్రభుత్వం వూరుకున్నదా? 1929లో నిజాం ప్రభుత్వం గస్తీ నిషాన్ 53 తెచ్చింది. ముందుగా అనుమతి లేనిదే బహిరంగసభ జరపకూడదు. ప్రభువులకు పుస్తకం కన్నా, పాట కన్నా పదిమంది ఒకచోట కూర్చోవడమే ఎక్కువ ప్రమాదంగా తోచింది. ఈ విషయంలో వారి అంచనా సరైనదే. పుస్తకాన్ని ఒక్కడు చదివి మూసేయవచ్చు. ఇద్దరు చదివితే మూడో మాట పుడుతుంది.

ఆంధ్ర మహాసభ లోపల కూడా "ఇది విషయం, ఇది కాదు" అన్న పేచీ తీరలేదు. విద్య, గ్రంథాలయం, భాష విషయాలన్నంతవరకు మితవాదులకు ఇబ్బంది లేదు. వెట్టిచాకిరీ, భూమి, దొరతనం విషయాలైనప్పుడు సభ చీలింది. 1944లో భువనగిరిలో రావి నారాయణరెడ్డి గారి అధ్యక్షతన జరిగిన సభతో ఆ చీలిక స్పష్టమయింది. ఆ తరువాత పల్లెల్లో జనం మహాసభ అనడం మాని 'సంగం' అన్నారు. మాట మారడంలో అర్థం వున్నది. మహాసభ ఏడాదికొకసారి జరుగుతుంది. సంగం ప్రతి రాత్రీ కూడుతుంది. మహాసభకు అధ్యక్షుడుంటాడు. సంగంలో పక్కింటివాడు వుంటాడు. మా జిల్లా ముసలివాళ్ళు ఇప్పటికీ ఆ మాటను చెప్పే తీరులో ఒక చనువు వుంటుంది.

ఇదంతా స్వాతంత్ర్యానికి ముందు సంగతి కదా, రాజ్యాంగంలోని 19వ అధికరణం మాట్లాడే హక్కునూ, శాంతియుతంగా కూడే హక్కునూ ఇచ్చిన తరువాత ఈ పేచీ వుండదు కదా అని ఎవరైనా అనవచ్చు. హక్కు కాగితం మీద అందరికీ ఒకటే. విషయాన్ని నిర్ణయించే శక్తి మాత్రం సమంగా పంచబడలేదు. దీనికి నెల్లూరు జిల్లా సారా వ్యతిరేకోద్యమం కన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

1990ల మొదట్లో ఆ జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా కార్యక్రమం నడిచింది. పగలంతా కూలికి పోయి వచ్చిన ఆడవాళ్ళు రాత్రి లాంతరు చుట్టూ కూర్చుని అక్షరాలు దిద్దారు. వారి వాచకంలో తాగుడు వల్ల గుల్లయిన సంసారాన్ని గురించి, ఆడవాళ్ళు కలిసి సారా దుకాణం మూయించడం గురించి ఒక పాఠం వుంది. పాఠం రాసినవారి ఉద్దేశం అక్షరాలు నేర్పడం. చదివినవారికి అది అక్షరాలతో ఆగలేదు. మన ఊళ్ళో మాత్రం ఎందుకు మూయించకూడదని మాట లేచింది. 1992లో దూబగుంట స్త్రీలు తమ ఊరి సారా దుకాణాన్ని మూయించారు. ఆ ఊరి పేరే రోశమ్మ ఇంటిపేరుగా నాడంతా వినిపించింది. ఊరినుంచి ఊరికి, జిల్లానుంచి జిల్లాకు పాకి ఆ ఉద్యమం సారా వేలంపాటలను అడ్డుకున్నది. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది.

దీన్ని విడమరచి చూడాలి. అక్షరాస్యత ఒక పెద్ద భావం. ప్రజారోగ్యం మరొకటి. ప్రభుత్వ ఖజానాకు ఆదాయం ఎక్కడి నుంచి రావాలన్నది అర్థశాస్త్రానికి సంబంధించిన మూడో భావం. ఈ మూడింటినీ విశ్వవిద్యాలయాల్లో మూడు శాఖలు విడివిడిగా బోధిస్తాయి. ఆ రాత్రిబడిలో అవి మూడూ ఒకే ప్రశ్నగా కలిసిపోయాయి: మా ఇంటాయన కూలి డబ్బు సాయంత్రానికి సర్కారు పెట్టెలో ఎందుకు పడుతున్నది? పెద్ద భావాలు సామాన్యులకు అందవని చెప్పేవారు ఈ ప్రశ్నను ఒక్కసారి నెమరువేసుకోవాలి. ఇంత చిన్న వాక్యంలో ఇంత రాజకీయార్థశాస్త్రాన్ని నేను ఏ తరగతిలోనూ చెప్పలేకపోయాను.

కథ అక్కడితో సుఖాంతం కాలేదు. 1997లో మద్యనిషేధాన్ని చాలావరకు ఎత్తివేశారు. ఆదాయం పడిపోయిందనీ, దొంగసారా పెరిగిందనీ, పొరుగు రాష్ట్రాల నుంచి అక్రమంగా వస్తున్నదనీ కారణాలు చూపారు. ఆ కారణాలన్నీ బూటకమని నేననను. వాటిని ఎవరి ముందు పెట్టారన్నదే నా ప్రశ్న. నిషేధం తెచ్చిన చర్చ రచ్చబండ మీద, రాత్రిబడిలో జరిగింది. నిషేధం తీసేసిన చర్చ లెక్కల గదిలో జరిగింది. దుకాణాలు మూయించిన ఆడవాళ్ళను పిలిచి, "ఇదిగో లెక్క, ఈ డబ్బు మరెక్కడి నుంచి తేవాలో చెప్పండి" అని అడిగివుంటే వారు ఏమనేవారో మనకెన్నటికీ తెలియదు. బడ్జెట్టు ఆ సభ విషయం కాదని ముందే తీర్మానమైపోయింది.

ప్రశ్నను చట్టబద్ధం చేసిన సందర్భం కూడా ఒకటి మన అనుభవంలో వుంది. ఉపాధి హామీ చట్టం 2005లో వచ్చాక, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006 నుంచి సామాజిక తనిఖీలు మొదలయ్యాయి. ఎవరికెన్ని పనిదినాలు రాశారో, ఎంత కూలి చెల్లించినట్టు చూపారో ఊళ్ళో ఇల్లిల్లూ తిరిగి సరిచూసి, చివరకు మండలకేంద్రంలో అందరి ముందూ చదివేవారు. చనిపోయినవారి పేర కూలి రాసిన మస్టర్లు అలాంటి తనిఖీల్లో బయటపడ్డాయి. కాగితాలకు జవాబు చెప్పుకోవలసిన అధికారి కుర్చీలో కూర్చుని, కూలి మనిషి నిలబడి ప్రశ్నించిన ఆ దృశ్యంలో లోపాలు లేకపోలేదు. బయటపడ్డ సొమ్మంతా తిరిగి రాలేదు. తప్పు చేసినవారందరికీ శిక్ష పడలేదు. అయినా ఒక్క సంగతి రుజువైంది. లెక్క ముందుగా చేతికిస్తే, అడగడం అందరికీ వచ్చు.

ఈ మాటకు రెండు ఆక్షేపణలున్నాయి. మొదటిది: ప్రశ్నలకు తలుపు తీస్తే సభ రసాభాస అవుతుందని. కొంత నిజమే. ఉపన్యాసం కన్నా పొడుగైన ప్రశ్నలు వేసేవారు, తమ పద్యాలు వినిపించడానికే లేచేవారు ప్రతి ఊళ్ళోనూ వున్నారు. రెండు నిమిషాల నియమం వారికి మందు. గొడవ చేసేవాడి భయంతో అడగదలచినవాడి నోరు నొక్కడం న్యాయం కాదు. రెండో ఆక్షేపణ మరింత గట్టిది: ఇప్పుడు ప్రతివాడి చేతిలోనూ ఫోను వుంది, ఎవరికి తోచింది వారు అంటూనే వున్నారు, ఇంకా మాట్లాడే అవకాశం లేదని బాధపడటమేమిటని. మాటలు పెరిగాయి, కాదనను. ఎదురుగా కూర్చుని జవాబు చెప్పవలసిన మనిషి మాత్రం మాయమైనాడు. టెలివిజనులో నలుగురు ఒకేసారి అరుస్తారు. వినేవాడు ఎవడో తెలియదు. ఫోనులో తిట్టినవాడు మరునాడు అంగట్లో ఎదురుపడడు. కూలిమనిషి డాక్టరు గారిని అడిగిన ప్రశ్న ఫోనులో ఎవరు అడిగినా గాలికి పోయేది. ఆ మాట ఆయన ముఖంలోకి చూసి అడిగింది గనుకనే ఆయన చెయ్యి మైకు వైపు చాచారు.

మా కళాశాలలో నాలుగేళ్ళుగా చిన్న ప్రయత్నం చేస్తున్నాం. శుక్రవారం చివరి గంటలో విద్యార్థులు చీటీల మీద ప్రశ్నలు రాసి పెట్టెలో వేస్తారు. పేరు రాయనక్కరలేదు. పెట్టె తీసి చదివేది విద్యార్థులే. ఏ ప్రశ్న చర్చకు తీసుకోవాలో వాళ్ళే చేతులెత్తి నిర్ణయిస్తారు. మొదటి నెలలో వచ్చినవన్నీ పరీక్షల గురించి, ఉద్యోగాల గురించి. మూడో నెలకు చీటీల భాష మారింది. పెళ్ళిలో కట్నం ఇవ్వనని తమ్ముడు అంటే అన్నదమ్ముల మధ్య పొత్తు చెడుతుందా అని ఒక చీటీ. హాస్టల్లో పప్పు నీళ్ళగా వుంటే టెండరు కాగితం చూసే హక్కు మాకు వుందా అని ఒకటి. మా వాడలోకి ఊరేగింపు ఎందుకు రాదు అని మరొకటి. ఆఖరి చీటీ చదివిన రోజున గది నిశ్శబ్దమైపోయింది. తరువాత గంటన్నర మాట్లాడుకున్నారు. ఎవరూ ఎవరినీ ఒప్పించలేదు. కానీ ఒకే బెంచీ మీద రెండేళ్ళు కూర్చున్నవారు ఒకరి వాడ సంగతి ఒకరు మొదటిసారి విన్నారు.

ఇందులో గొప్ప విప్లవమేమీ లేదు. పాఠ్యప్రణాళికలో ఈ గంటకు చోటు లేదు, మార్కులు లేవు. "ఇవి తెలుగు తరగతిలో మాట్లాడే విషయాలా?" అని నన్ను అడిగినవారున్నారు. గురజాడ, గిడుగు, సురవరం గారల పేర్లు పరీక్షకు చెప్పే తరగతిలో వారు లేవనెత్తిన ప్రశ్నలకు సంతానం పుట్టకూడదంటే, ఆ పేర్లు మాత్రం చెప్పడమెందుకు?

సభలు జరిపే మిత్రులకు నా మనవి చిన్నది. సభ కాలంలో మూడోవంతు ప్రశ్నలకు ముందే కట్టివేయండి. శాలువాలను ఆ తరువాతికి పెట్టండి, సమయాభావం వారిని బాధించనివ్వండి. ఉపన్యాస విషయం మీద రెండు పేజీల కాగితం వారం ముందు గ్రంథాలయంలో వుంచండి. చదవలేనివారికి ఎవరైనా చదివి వినిపించండి. మొదటి ప్రశ్న వెనుక వరుసకు ఇవ్వండి. అన్నిటికన్నా ముఖ్యం, ఒక నోటుపుస్తకం పెట్టి అడిగిన ప్రతి ప్రశ్ననూ అడిగినవారి మాటల్లోనే రాయించండి. ఏది విషయమో ఏది కాదో అధ్యక్షుడు అప్పటికప్పుడు తేల్చనక్కరలేదు. జవాబు దొరకని ప్రశ్నతో మరుసటి సభ మొదలుపెట్టవచ్చు.

ప్రతి జిల్లాలోనూ గ్రంథాలయసంస్థ వున్నది. ఇంటిపన్నుతోపాటు ప్రజలు గ్రంథాలయ పన్ను కడుతున్నారు. చాలా శాఖల్లో సాయంత్రం నాలుగు కుర్చీలు, రెండు దినపత్రికలు, పోటీపరీక్షలకు చదివే యువకులు కనిపిస్తారు. ఆ యువకులను కదిలించి, ఆ కుర్చీల మధ్య వారానికొక సాయంత్రం నోటుపుస్తకం తెరవడానికి కొత్త చట్టం అక్కరలేదు. 1921లో ఆ రాత్రి కూడినవారికి ఈపాటి సదుపాయమైనా లేదు.